ప్రాగ్‌లో కాఫ్కా ఇంటివాళ్ల జాడ

రచయిత ఫ్రాంజ్ కాఫ్కా సమాధి చూడాలని చెక్ రాజధాని ప్రాగ్ వచ్చినవాళ్లు కొందరు నేరుగా యూదుపేటలోని పాత శ్మశానానికి టికెట్టు కొనేస్తారు. అక్కడ 1787లోనే పూడ్చడం ఆపేశారు. 1924లో పోయిన కాఫ్కా ఉన్నది ఊరికి తూర్పున, కొత్త యూదు శ్మశానంలో.

మేం ముందు పాతపట్నం కూడలి చూశాం. సెయింట్ నికొలస్ చర్చి పక్కనే 1883లో ఆయన పుట్టిన చోటు. ఆ ఇల్లు కాలిపోయింది. రాతి ద్వారబంధం ఒక్కటే అప్పటిది. కూడలిలోనే కిన్‌స్కీ మహల్. కాఫ్కా చదివిన జర్మన్ బడి అందులోనే. తర్వాత కింది అంతస్తులో తండ్రి హెర్మన్ దుకాణం పెట్టాడు. హెర్మన్ ఓసెక్ అనే పల్లెలో, యూదు మతవిధి ప్రకారం పశువులను కోసే మనిషి కొడుకు. పల్లె వదిలి పట్నంలో నిలదొక్కుకునే పరుగులో మతం ఏడాదికి నాలుగు రోజుల గుడిగా మిగిలింది. 1919లో తండ్రికి రాసి, అందజేయని ఉత్తరంలో కొడుకు అడిగింది ఇదే: నువ్వే ఖాళీ చేసుకున్నదాన్ని నాకెలా ఇస్తావని. 1896లో కాఫ్కా బార్ మిత్స్వా (పదమూడో ఏట యూదు అబ్బాయిలకు చేసే మతవేడుక) జరిగిన ప్రార్థనాలయం యూదుపేట కూల్చివేతల్లో పోయింది, వెతక్కండి.

తండ్రి ఇవ్వనిదాన్ని కాఫ్కా తానే వెతుక్కున్నాడు. 1911లో సవోయ్ కెఫేలో యిద్దిష్ (తూర్పు యూరప్ యూదుల భాష) నాటకాలకు మళ్లీ మళ్లీ వెళ్లాడు, తర్వాత పట్టుదలగా హీబ్రూ నేర్చుకున్నాడు. తన హీబ్రూ పేరు అంషెల్ అనీ, అది అమ్మకు తాతగారి పేరనీ డైరీలో రాసుకున్నాడు.

కొత్త శ్మశానానికి స్టారొమెస్ట్‌స్కాలో మెట్రో ఎ లైను ఎక్కి జెలివ్‌స్కేహోలో దిగాలి. పక్కనే పెద్ద ఒల్షానీ శ్మశానం ఉంది, గేటు మారిపోతే గంట వృథా. శనివారం, యూదు పండగలప్పుడు మూసేస్తారు, శుక్రవారం పెందలాడే తాళం పడుతుంది. మగవాళ్లు తల కప్పుకోవాలి. గేటు దాటి కుడికి తిరిగి గోడ వెంట నడిస్తే 21వ విభాగం. పలకలు చెక్కిన స్ఫటికంలా నిలబడ్డ రాయి, కింది వైపు సన్నబడుతుంది. పైన కొడుకు పేరు, కింద 1931లో పోయిన తండ్రి, 1934లో పోయిన తల్లి. జీవితమంతా ఎవరి నీడ నుంచి తప్పుకోవాలని చూశాడో ఆయనతోనే ఒకే రాయి! అడుగున చిన్న ఫలకం మీద ఎల్లీ, వల్లీ, ఒట్లా పేర్లున్నాయి. ఈ ముగ్గురు చెల్లెళ్లనూ నాజీలు చంపేశారు, వాళ్లకు సమాధుల్లేవు. చాలామంది రాయికి ఫొటో తీసుకుని ఈ ఫలకం చూడకుండానే వెళ్లిపోతున్నారు. వంగి చదవండి. వెనక్కి తిరిగితే ఎదురు గోడకు మాక్స్ బ్రోడ్ ఫలకం కనిపిస్తుంది; కాఫ్కా కాల్చేయమన్న తన రాతప్రతులను కాపాడిన స్నేహితుడు ఆయనే.