జారిన కనుబొమ్మకు ఆపరేషన్

బెల్స్ పాల్సీతో, అంటే ముఖం ఒక పక్క ఉన్నట్టుండి చచ్చుబడే జబ్బుతో, మూతి వంకర పోయినవాళ్లలో ఎక్కువమందికి కొన్ని నెలల్లో ముఖం మళ్లీ మామూలుగా అవుతుంది. నాకు మూతి కుదురుకుంది, కుడి నుదురు మాత్రం కోలుకోలేదు. ముఖానికి వచ్చే ఏడో నరంలో నుదుటికి పోయే కొమ్మ దెబ్బతిందన్నారు. కనుబొమ్మను పైకి లాగేది నుదుటి కండరం ఒక్కటే. అది చచ్చుబడితే కనుబొమ్మ తన బరువుకే జారిపోతుంది. నాది ఎముక అంచు దాటి దిగి, పై రెప్ప చర్మాన్ని కంటి మీదికి తోసేసింది.

"ఈ వయసులో సోకులెందుకు బావా?" అన్నాడు మా బావమరిది. చాలామంది అలాగే అనుకున్నారు. కానీ నేను రోజూ బండి మీద స్కూలుకు వెళ్లాలి. మన రోడ్ల మీద ఓవర్‌టేక్ చేసే బండి కుడి పక్క నుంచే వస్తుంది. సరిగ్గా ఆ పక్కే, పైవైపు నాకు ఏమీ కనిపించేది కాదు. క్లాసులో బోర్డు మీద లెక్క చేసేటప్పుడు ఒక చేత్తో కనుబొమ్మ ఎత్తి పట్టుకునేవాణ్ణి. కుడి కన్ను తెరుద్దామని ప్రయత్నిస్తే బాగున్న ఎడమ నుదురే పైకి లేచేది. సాయంత్రానికి అటు వైపు తలనొప్పి.

నరం తనంతట తాను కోలుకునే అవకాశం ఉందని ఏడాది దాకా ఆగమన్నారు, ఆగాను. ఆ తర్వాత మొదట చూపించుకున్న చోట పై రెప్ప చర్మం కొంచెం తీసేస్తే చాలన్నారు. హైదరాబాద్‌లో ఆక్యులోప్లాస్టిక్ సర్జన్ (కనురెప్పలకు, కంటి చుట్టుపక్కల ఆపరేషన్లు చేసే డాక్టర్) మేడమ్ మాత్రం వేలితో నా కనుబొమ్మ ఎత్తి అద్దం చూపించారు. రెప్ప బాగానే ఉంది! జారింది కనుబొమ్మ అయినప్పుడు రెప్ప చర్మం తీస్తే కనుబొమ్మ ఇంకా కిందికి దిగుతుందని చెప్పారు. ఇలాంటి సమస్య ఉన్నవాళ్లందరికీ ఈ ఒక్క సంగతి తెలియాలని నా కోరిక. చూపు ఎంత మేర పోతోందో కొలిచే ఫీల్డ్ టెస్ట్ కూడా రెండు రకాలుగా చేశారు: కనుబొమ్మ ఉన్నది ఉన్నట్టుగా ఒకసారి, ప్లాస్టర్‌తో ఎత్తి కట్టి ఇంకోసారి. తేడా కాగితం మీదే కనిపించింది.

ఆపరేషన్ పద్ధతులు చాలానే ఉన్నాయి. ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా జుట్టులో కోసి నుదురంతా పైకి లాగేది పాత పద్ధతి. జుట్టు వెనకాల చిన్న చిన్న కోతలు పెట్టి, కెమెరా గొట్టంతో లోపల విడదీసి ఎత్తేది ఎండోస్కోపిక్. నాకు ముందు వైపు జుట్టు ఊడిపోయింది కాబట్టి ఆ మచ్చలు దాగవు. పైగా చచ్చుబడిన నుదుటికి గట్టి పట్టు కావాలి. రెప్ప మడతలోంచి చేస్తే కొద్దిగానే లేస్తుంది. నుదుటి ముడతలో కోత దాచే పద్ధతి కూడా ఒకటుంది గానీ, కుడి వైపు కండరం పనిచేయక నాకు అక్కడ ముడతే లేదు. చివరికి కనుబొమ్మ వెంట్రుకలకు సరిగ్గా పైన చర్మం ముక్క తీసి కుట్టే డైరెక్ట్ బ్రో లిఫ్ట్ చేద్దామన్నారు. మచ్చ కనిపిస్తుందని ముందే చెప్పారు. చూపు వస్తే చాలు, మచ్చకు ఒప్పుకున్నాను.

పడుకుంటే కనుబొమ్మ దానంతటదే పైకి పోతుందట, అందుకని కూర్చోబెట్టే గుర్తులు గీశారు. ఆ చోటు వరకే మత్తు ఇచ్చారు. ఎముక మీది పొరకు లోపలి కుట్లు వేస్తున్నప్పుడు నొప్పి తెలియలేదు గానీ, లాగుతున్నట్టు తెలిసింది. మరీ ఎక్కువ ఎత్తితే కన్ను పూర్తిగా మూతపడక నల్లగుడ్డు ఎండిపోతుందని మాటిమాటికీ కళ్లు మూయించి చూశారు.

కింది రెప్ప దాకా కమిలి వాచింది. వారానికి పైకుట్లు విప్పారు. నుదుటి మీదుగా తల దాకా తిమ్మిరి చాలాకాలం ఉంది. కంటి పైనుంచి స్పర్శ నరం అటే పోతుందట. అది మెల్లగా తగ్గింది, మచ్చ ఎరుపు కూడా తగ్గుతోంది.

కుడి నుదురు ఇప్పటికీ కదలదు. ఈ ఆపరేషన్ కదలికను తిరిగి ఇవ్వదు, కనుబొమ్మను సరైన చోట నిలబెడుతుంది, అంతే. రాత్రి పడుకునేముందు కంట్లో జెల్ వేసుకుంటాను. బోర్డు మీద రాయడానికి ఇప్పుడు రెండో చెయ్యి ఖాళీ. ఏళ్లు గడిచేకొద్దీ కనుబొమ్మ మళ్లీ కొంత జారవచ్చనీ, అప్పుడు అదే మచ్చ మీదుగా చేయవచ్చనీ మేడమ్ అన్నారు. అవసరమైతే చేయించుకుంటాను.