నాన్న ఏడాదిపాటు మాకు చెప్పని బాధ

మా నాన్నకి మూత్రం ధార సన్నబడింది, రెండు పాయలుగా చీలిపోయేది, బాత్రూంలో పది నిమిషాలు పట్టేది. వయసు కదా, ప్రోస్టేట్ అయ్యుంటుందని తనలో తనే అనుకుని ఏడాది లాగించేశారు. తలుచుకుంటే ఇప్పటికీ బాధే. చివరికి గాజువాక నుంచి ఆటోలో యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్తే, డై ఎక్కించి ఎక్స్‌రే తీసి, మూత్రమార్గం ఒకచోట మచ్చకట్టి ఇరుకైపోయిందన్నారు. స్ట్రిక్చర్ అంటారు దాన్ని. కాళ్ల మధ్య తగిలిన పాత దెబ్బ, కటి ఎముక విరగడం, గనేరియా అనే సుఖవ్యాధి, ప్రోస్టేట్ ఆపరేషన్, మూత్రం పోవడానికి ఎప్పుడో వేసిన పైపు (క్యాథెటర్), ఏదైనా కారణం కావచ్చు. నాన్నకి అంతకుముందు గుండె ఆపరేషన్‌లో ఆ పైపు వేశారు.

మొదట లోపలినుంచే కోసి వెడల్పు చేశారు. ఇరుకైన భాగం పొడవు 2 సెంటీమీటర్ల లోపు ఉంటే అది సరిపోవచ్చు గానీ మళ్లీ మూసుకుపోవడం మామూలే, మాకూ అదే అయింది. అదే పని మళ్లీ మళ్లీ చేయించుకునే ముందు, దయచేసి యూరెత్రోప్లాస్టీ, అంటే మూత్రమార్గాన్ని బాగుచేసే ఆపరేషన్ గురించి అడగండి. నాన్నకి అందులో బుగ్గ లోపలి పొర తీసి ఇరుకైన చోట అతుకు వేశారు. నాన్న మూడు వారాలు పైపుతో ఉన్నారు, నోరు మండి కొన్నాళ్లు మజ్జిగన్నమే తిన్నారు. మూత్రం పూర్తిగా ఆగిపోతే మాత్రం అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.