అనంతపురం ఎండల్లో ఈగల లెక్క

ఎమ్మెస్సీ జువాలజీ ప్రాజెక్టులో నాకు డ్రోసోఫిలా వచ్చింది. మగ్గిన అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగ. తెల్లకళ్ల ఆడవాటిని ఎర్రకళ్ల మగవాటితో కలిపి, పిల్లల్లో ఆడవెన్ని, మగవెన్ని అని లెక్కపెట్టాలి. పని చిన్నదే గానీ చేయాల్సింది అనంతపురంలో, అదీ ఏప్రిల్లో.

ఈ ఈగలకు 25 డిగ్రీలు హాయి. ఆ వేడిలో గుడ్డు 10 రోజుల్లో రెక్కల ఈగ అవుతుంది. 30కి చేరితే మగవాటికి పిల్లలు పుట్టరు. ల్యాబ్‌లో ఏసీ లేదు. అందుకని వెడల్పాటి మట్టితొట్టిలో తడి ఇసుక పోసి, సీసాలు అందులో పాతి, పైన తడిపిన గోనెపట్ట కప్పాను. మేత సులువే. మొక్కజొన్న పిండి, బెల్లం, అగర్, ఈస్టు కలిపి అంబలిలా కాచి, బూజు పట్టకుండా కాస్త ప్రొపియోనిక్ ఆసిడ్ వేయడమే.

అసలు కష్టం వర్జిన్లను, అంటే ఇంకా జతకట్టని ఆడ ఈగలను, పట్టడంలో ఉంది. ఆడ ఈగ ఒకసారి జతకడితే ఆ వీర్యాన్ని దాచుకుని రోజుల తరబడి వాడుకుంటుంది. ఆ తర్వాత మనం ఏ మగదాన్ని కలిపినా పిల్లలు ఎవరివో చెప్పలేం. అందుకే బయటికొచ్చిన 8 గంటల్లోపే వేరుచేయాలి. పొద్దున్నే సీసాలోని ఈగలన్నిటినీ దులిపేసి, మధ్యాహ్నంలోపు కొత్తగా వచ్చినవాటిని ఏరుకునేదాన్ని. మత్తుకిచ్చే ఈథర్ కాస్త ఎక్కువైతే రెక్కలు అడ్డంగా నిలబడిపోతాయి, ఇక ఆ ఈగ లేవదు. మగదాని పొట్ట చివర నల్లగా ఉంటుందని పుస్తకం చెబుతుంది, కానీ అప్పుడే పుట్టినవాటిలో ఆ నలుపు తేలదు. మగవాటికే ఉండే, ముందుకాళ్ల మీది నల్లటి దువ్వెనలాంటి వెంట్రుకలను చూసుకోవడమే మేలు.

మైక్రోస్కోపు ముందు నన్ను చూసి అటెండరు, "ఏమ్మా, ఆడో మగో చెప్పడం ఆసుపత్రుల్లో నేరమని బోర్డులు పెట్టింటారు, నువ్వు ఈగలకు చేస్తాండావే?" అన్నాడు.

మొదటిరోజు లెక్కలో ఆడవే ఎక్కువ తేలాయి. కంగారు అక్కర్లేదు, ఆడవి మగవాటికంటే కొన్ని గంటలు ముందే బయటికొస్తాయి. ప్యూపాలన్నీ, అంటే ఈగలు బయటికొచ్చే గూళ్లన్నీ, ఖాళీ అయ్యేదాకా లెక్కపెడితేనే నిష్పత్తి తెలిసేది. వంద ఈగలతో ఆపేసేవాళ్లను చూస్తే నాకు విసుగు. సగం సగం నుంచి వచ్చిన తేడా కాకతాళీయమేనా అని చూసే లెక్క కై-స్క్వేర్. వందలో 55, 45 వస్తే అది 1; 60, 40 వస్తే 4. గీత 3.84 దగ్గర ఉంది, అది దాటితే తేడా కాకతాళీయం కాదంటారు. అంటే ఐదు ఈగలు అటూఇటూ అయితే తీర్పే మారిపోతుంది. నిజంగానే మగవి తగ్గే సందర్భాలూ ఉన్నాయి. తల్లి నుంచి వచ్చే స్పైరోప్లాస్మా అనే బ్యాక్టీరియా మగ పిండాలనే చంపుతుంది. నా సీసాల్లో అలాంటిదేమీ కనబడలేదు, చివరికి దాదాపు సగం సగమే వచ్చాయి.

అయితే ఒక సీసాలో ఎర్రకళ్ల మగ ఈగ కనబడింది. ఈ క్రాస్‌లో కంటిరంగు జన్యువుండే ఎక్స్ క్రోమోజోము కొడుకులకు తల్లి నుంచే రావాలి, కాబట్టి అందరివీ తెల్లకళ్లే కావాలి. పక్కసీసాలోది దూరిందన్నారు తోటివాళ్లు. నాకు జన్యుశాస్త్రవేత్త బ్రిడ్జెస్ 1916లో రాసింది గుర్తొచ్చింది. ఈ ఈగల్లో మగతనం వై క్రోమోజోముతో రాదు. ఎక్స్ ఒకటే ఉంటే మగది, రెండుంటే ఆడది. వై ఉన్నా రెండు ఎక్స్‌లుంటే ఆడదే. ఎప్పుడో ఒకసారి తల్లి ఎక్స్‌లు విడిపోక, ఒక్క ఎక్స్ కూడా లేని గుడ్డు తయారవుతుంది. దానికి తండ్రి ఎక్స్ చేరితే ఎర్రకళ్ల మగది పుడుతుంది. వై లేనందువల్ల వీర్యకణాలు కదలవు, పిల్లలు పుట్టరు.

పక్కసీసా నుంచి దూరినదైతే దీనికి పిల్లలు పుట్టాలి. వర్జిన్లతో కలిపాను. వేడికే గొడ్డుపోయిందని ఎవరూ అనకుండా, దాని తెల్లకళ్ల అన్నదమ్ములకూ వర్జిన్లను జతచేసి అదే తొట్టిలో పక్కపక్కనే పెట్టాను. వాటి సీసాల్లో గుడ్ల నుంచి వచ్చిన పిల్లపురుగులు మేతను తవ్విపోశాయి. దీని సీసాలో గుడ్లున్నాయి, ఒక్కటీ పొదగలేదు.

క్రోమోజోములు చూడలేదు కాబట్టి 'ఎక్స్ఓ కావచ్చు', అంటే ఒక ఎక్స్ ఉండి వై లేనిది కావచ్చు, అని మాత్రమే రాయమన్నారు మేడమ్. అలాగే రాశాను. వైవాలో ఎక్స్‌టర్నల్ నా పట్టికలన్నీ గబగబా తిప్పేసి, ఆ ఒక్క ఈగ దగ్గర ఆగారు. "ఈ ఎండలకు ఏ మగదైనా గొడ్డుపోతుంది కదమ్మా?" అన్నారు. అన్నదమ్ముల సీసాల పేజీ తీసి ఆయన ముందు పెట్టాను.