రెండు న్యూట్రాన్లా, ఒక్కటే రెండుసార్లా? లిథియం-11తో నా అనుభవం

నా పీహెచ్‌డీ లిథియం-11 మీద. దాని కేంద్రకంలో మూడు ప్రోటాన్లు, ఎనిమిది న్యూట్రాన్లు ఉంటాయి. 1985లో అమెరికాలోని బర్క్లీలో ఇసావో తనిహాత బృందం దీని సైజు కొలిస్తే, పక్కనున్న ఐసోటోపుల (న్యూట్రాన్ల సంఖ్య మాత్రమే వేరుగా ఉన్న లిథియం రకాల) కంటే బాగా పెద్దదని తేలింది. కారణం చివరి రెండు న్యూట్రాన్లు. అవి లోపలి లిథియం-9కి దూరంగా, పలుచగా పరుచుకుని ఉంటాయి. దీన్నే హాలో అంటారు. ఆ రెంటినీ కలిపి ఊడదీయడానికి 0.37 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి చాలు. మామూలు కేంద్రకంలో ఒక్క న్యూట్రాన్‌ను పీకాలన్నా సుమారు ఎనిమిది కావాలి. నన్ను కట్టిపడేసిన విషయం మాత్రం వేరే ఉంది. ఒక న్యూట్రాన్ తీసేస్తే మిగిలే లిథియం-10 నిలవదు. రెండు న్యూట్రాన్లు వాటంతటవి జంటగానూ ఉండలేవు. లిథియం-9, ఆ రెండు న్యూట్రాన్లు, ముగ్గురూ కలిసుంటేనే ఆ సంసారం నిలుస్తుంది.

ప్రయోగం జపాన్‌లో, టోక్యో పక్కనున్న వాకోలోని రైకెన్ అనే పరిశోధనా సంస్థలో. ముందు ప్రతిపాదన రాసి కమిటీ ముందు పెట్టాలి. ఒప్పుకున్నాక కూడా బీమ్ (వేగంగా దూసుకొచ్చే కేంద్రకాల ధార) కోసం ఓపిగ్గా ఎదురుచూడాలి. బీమ్ వచ్చిందంటే ఇక పగలూ రాత్రీ షిఫ్టులే. కాల్షియం-48 కేంద్రకాలను కాంతి వేగంలో దాదాపు 70 శాతానికి తెచ్చి బెరీలియం మీద కొడతారు. ఆ ముక్కల్లోంచి మనకు కావలసినవాటిని బిగ్‌రిప్స్ అనే అయస్కాంతాల వరుస ఏరి పంపుతుంది. లిథియం-11 అర్ధాయువు 9 మిల్లీసెకన్ల లోపే అయినా, టార్గెట్ దాకా రావడానికి దానికి మైక్రోసెకను అటూ ఇటూగా పడుతుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. అక్కడ ద్రవ హైడ్రోజన్‌లోని ప్రోటాన్‌కు తగిలి విడిపోతుంది. లిథియం-9కి చార్జి ఉంది కాబట్టి అయస్కాంతంలో వంగి ఒకవైపు పోతుంది. న్యూట్రాన్లు నేరుగా దూసుకొస్తాయి.

వాటిని పట్టేది నెబ్యులా అనే డిటెక్టర్. మనిషెత్తు ప్లాస్టిక్ సింటిలేటర్ కడ్డీలు 120, గోడల్లా నిలబెట్టి ఉంటాయి. న్యూట్రాన్ తగిలితే కడ్డీలో చిన్న వెలుగు పుడుతుంది. రెండు చివర్లకూ ఆ వెలుగు చేరిన సమయాల్లో తేడాను బట్టి ఎక్కడ తగిలిందో తెలుస్తుంది. టార్గెట్ నుంచి పట్టిన సమయాన్ని బట్టి వేగం తెలుస్తుంది. ఆ ప్రయాణం కొన్ని పదుల నానోసెకన్లే. అందుకే ప్రతి కడ్డీ గడియారాన్నీ సరిచేసుకోవాలి. ఆకాశం నుంచి పడే కాస్మిక్ మ్యూయాన్లు అనే కణాలు ఇందుకు బాగా పనికొస్తాయి.

అసలు పని డేటా చేతికొచ్చాక మొదలైంది. నా మొదటి గ్రాఫులు చూసి మా సీనియర్ ఒకే ప్రశ్న వేశాడు: "ఇవి నిజంగా రెండు న్యూట్రాన్లా, ఒక్కటే రెండుసార్లు తగిలిందా?" ఒక న్యూట్రాన్ ఒక కడ్డీకి తగిలి, పక్కకు చెదిరి, ఇంకో కడ్డీకీ తగలొచ్చు. కంప్యూటర్‌కు అది జంటలాగే కనిపిస్తుంది. హాలోలో రెండు న్యూట్రాన్లు దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నదే తేల్చాల్సిన విషయం. ఈ దొంగ జంటలు కూడా పక్కపక్కనే కనిపిస్తాయి. టెన్షన్ అంతా అక్కడే.

దానికి మందు వేగంలోనే ఉంది. మొదటి తాకిడి నుంచి రెండో తాకిడికి మధ్య దూరాన్ని, వాటి మధ్య సమయంతో భాగించాలి. చెదిరిన న్యూట్రాన్ శక్తి పోగొట్టుకుంటుంది కాబట్టి బీమ్ వేగం కంటే నెమ్మదిగా వెళ్తుంది. లెక్కలో వచ్చిన వేగం అలా తక్కువగా ఉంటే ఆ జంటను తీసేయాలి. అంత తక్కువ సమయంలో ఒకే న్యూట్రాన్ అంత దూరం పోలేదనిపిస్తే అవి నిజంగా రెండే. కానీ ఈ గీత కఠినంగా గీస్తే దగ్గరగా ఉన్న అసలు జంటలూ పోతాయి. ఎన్ని పోతున్నాయో సిమ్యులేషన్‌తో లెక్కగట్టి, ఆ మేరకు ఫలితాన్ని సవరించుకోవాలి. నా థీసిస్‌లో ఎక్కువ కాలం తిన్నది ఈ ఒక్క అధ్యాయమే. దాని మీద గడిపిన ఏ రాత్రీ వృథా కాలేదని ఇప్పటికీ నా నమ్మకం.

2023లో రైకెన్‌లోనే ఆక్సిజన్-28 కనిపించిందన్న వార్త చదివినప్పుడు ముందు ఈ అధ్యాయమే గుర్తొచ్చింది. అది ఆక్సిజన్-24గా, నాలుగు న్యూట్రాన్లుగా విడిపోతుంది. ఒక్కో న్యూట్రాన్ దొరికే అవకాశం మూడింట ఒకటి అనుకున్నా, నాలుగూ ఒకేసారి దొరికేది 81లో ఒక్కసారి. దొరికిన వాటిలోనూ దొంగ తాకిళ్లను ఏరేయాలి.