టెయిల్ లైట్‌లో నీళ్లు: ఎడమ వైపు పని, రోజువారీగా

జూన్ 22, ఆదివారం

సిగ్నల్ దగ్గర కారు ఆపితే వెనక స్కూటీ ఆయన ముందుకొచ్చి అద్దం మీద తట్టాడు. "ఎడమ బ్రేక్ లైటు వెలగట్లేదండి, లోపల నీళ్లు కనబడుతున్నాయి" అన్నాడు. ఇంటికొచ్చి చూస్తే నిజమే. లైటు అడుగున రెండు వేళ్ల ఎత్తు నీళ్లు. డిక్కీ దబ్బున మూస్తే అలలు కూడా లేస్తున్నాయి. నాన్న వరండాలోంచి చూసి, "ఏట్రా, చేపలు పెంచుతున్నావా?" అన్నారు.

బండి వయసు పన్నెండేళ్లు. మేముండేది విశాఖ ఎంవీపీ కాలనీలో. ఉప్పు గాలికి గేటు గడియే ఏడాదికోసారి రంగు అడుగుతుంది, ఇక నీళ్లలో నానే బల్బు హోల్డర్ సంగతి చెప్పేదేముంది. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే లైటు మొత్తం మార్చాలన్నారు, 3,400 రూపాయలు, లేబర్ వేరే. అద్దం పగల్లేదు, ఎరుపు వెలవలేదు. ఒక ఆదివారం పోతే పోయిందని నేనే దిగాను. (ఒకటి కాదు, నాలుగు పోయాయి.)

లైటులో పొద్దున్నే పల్చటి ఆవిరి పట్టడం వేరు, నీళ్లు నిలవడం వేరు. పావుగంట లైటు వేసి ఉంచితే పోయే ఆవిరికి ఏ రిపేరూ అక్కర్లేదు. బొట్లు కట్టి కిందికి జారుతుంటే మాత్రం ఎక్కడో దారి ఉన్నట్టే.

విప్పడం తేలికే. డిక్కీ లోపల పక్కనున్న అట్ట తీస్తే రెండు నట్లు, 10 నంబర్ స్పానర్ పడుతుంది. నట్లు తీశాక లైటు బయటివైపు పిన్నుల మీద నిలబడి ఉంటుంది, నేరుగా వెనక్కి లాగాలి. పక్కకి తిప్పితే పిన్ను విరుగుతుంది. బల్బు హోల్డర్లు తీసి వంచితే టీ గ్లాసు నిండా నీళ్లు వచ్చాయి, తుప్పు రంగులో, అందులో రెండు చీమలు.

బ్రేక్ బల్బు 12 వోల్టులది, 21/5 వాట్లు. ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు, బ్రేక్‌కి ఒకటి, పార్క్ లైట్‌కి ఒకటి. అందుకే బల్బు పక్కల పొడుచుకొచ్చిన మొలలు రెండూ ఒక ఎత్తులో ఉండవు. తిరగేసి బలవంతంగా దూర్చకూడదు. బల్బు బాగానే ఉంది, హోల్డర్‌లో ఇత్తడి రేకు మీద పచ్చగా చిలుం పట్టింది. పార్క్ లైట్ ఆన్ చేసి ఇండికేటర్ వేస్తే పార్క్ లైట్ కూడా దాంతోపాటు మిణుకుమంటోందని నెల నుంచీ చూస్తున్నా, పట్టించుకోలేదు. అది ఎర్త్ (కరెంటు తిరిగి బండి బాడీకి వెళ్లే దారి) సరిగ్గా అందని లక్షణం. నున్నటి ఎమెరీ కాగితంతో రేకులు రుద్దితే రెండూ దారికొచ్చాయి.

సాయంత్రం హార్డ్‌వేర్ షాపులో సిలికాన్ ట్యూబు కొని, లైటు చుట్టూ అతుకు కనిపించిన ప్రతిచోటా పూసేశాను. వెనక ఏవో రెండు చిన్న రంధ్రాలు కనబడితే వాటినీ వదల్లేదు. ఇల్లంతా వెనిగర్ వాసన. ఆ వాసనకే అనుమానం రావాల్సింది.

జూన్ 29

ముందుకంటే అన్యాయంగా ఉంది. నీళ్లు గ్లాసుడు లేవు గానీ లోపల గోడలన్నీ చెమట. మధ్యాహ్నం ఎండలో కూడా పోవట్లేదు. పైగా వారం కిందట రుద్దిన రేకు మీద చిలుం మళ్లీ మొదలైంది.

తప్పు నాదే, ఒకటి కాదు రెండు. నేను మూసేసిన ఆ రంధ్రాలే లైటు ఊపిరి తీసుకునే దారి. బల్బు వెలిగితే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి బయటికి పోవాలి, ఆర్పేస్తే చల్లబడి కుదించుకుని మళ్లీ లోపలికి రావాలి. ఆ దారి మూస్తే ఎక్కడ సన్నటి పగులుంటే అక్కణ్ణుంచే లాగుతుంది. అప్పుడు పగులు మీద వాన నీళ్లుంటే వాటినే లాగుతుంది. అంటే రిపేరు పేరుతో లైటుకి నేనే స్ట్రా ఇచ్చి నీళ్లు తాగించానన్నమాట. రెండోది ఆ వెనిగర్ వాసన. ఆ రకం సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, అది ఇత్తడినీ రాగినీ తినేస్తుంది. కరెంటు రేకులున్న చోట న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్న రకమే వాడాలి.

పూసిందంతా పీకడానికి పూట పట్టింది. పాత ఏటీఎం కార్డు అంచుతో గీకాను. పక్కింటి బాబాయ్ గారు "కాస్త పెట్రోలు పెట్టి తుడు బాబూ, క్షణంలో పోద్ది" అన్నారు. ఆయన మాట కాదనలేక నవ్వి ఊరుకున్నాను. టెయిల్ లైటు అద్దం గాజు కాదు, ఆక్రిలిక్ అనే ప్లాస్టిక్. పెట్రోలు, థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ తగిలితే వెంట్రుకల్లాంటి పగుళ్లు పడతాయి. సబ్బు నీళ్లు, ఓపిక, అంతే.

ఓవెన్‌లో పెట్టి లైట్లు విప్పే వీడియోలు చూసి నాకూ మనసు లాగింది. ఆ పద్ధతి మెత్తటి బ్యూటైల్ బంకతో అతికించిన హెడ్‌లైట్లకు. నా టెయిల్ లైటులో ఎర్ర భాగాన్నీ వెనక డబ్బానీ వేడితో కరిగించి ఒకటిగా అతికించేశారు. ఓవెన్‌లో పెడితే అతుకు ఊడేలోపు అప్పడంలా వంకర్లు పోతుంది.

జూలై 6

ఈసారి ముందు దారి వెతకడం, తర్వాతే మందు.

బల్బు రంధ్రాలకు పాలిథిన్ పెట్టి టేపు చుట్టాను. ఊపిరి రంధ్రాలు రెండు కదా. ఒకటి టేపుతో మూసి, రెండోదానికి చేపల తొట్టికి గాలి పంపే సన్న గొట్టం తగిలించాను. నాన్న మాట అలా నిజమైంది. లైటుని బకెట్ నీళ్లలో ముంచి గొట్టంలోంచి నోటితో మెల్లగా ఊదాను. పంపు వాడకండి, ఎక్కువ గాలికి అతుకే విడిపోవచ్చు.

మొదట ఏమీ లేదు. లైటుని మెల్లగా తిప్పుతుంటే పై మూలన ఆవగింజంత బుడగ ఒకటి, దాని వెనకే ఇంకొకటి, వరసగా దండ కట్టినట్టు. మార్కర్‌తో గుర్తు పెట్టి బయటికి తీసి చూస్తే అతుకు పక్కనే మూడు సెంటీమీటర్ల గీత, గోరు ఆనిస్తే తెలుస్తుంది గానీ కంటికి ఆనదు. లైటు బండికి ఉన్నప్పుడు ఆ మూల డిక్కీ తలుపు అంచు కింద దాక్కుంటుంది. పోయినేడు సెల్లార్‌లో స్తంభానికి ఆనించింది ఆ వైపే.

లోపల సబ్బు నీళ్లు పోసి కడిగి, బోర్లించి నీడలో ఆరబెట్టాను. బియ్యం డబ్బాలో పెట్టమంది అమ్మ. తవుడు లోపలికి పోతే మళ్లీ కడుక్కోవాలమ్మా అని తప్పించుకున్నాను. హెయిర్ డ్రయర్ చల్ల గాలి మీద పెట్టి అరగంట, తర్వాత షూ డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో కలిపి గట్టి మూతున్న డబ్బాలో రాత్రంతా.

జూలై 7, ఆఫీసు నుంచి వచ్చాక

పగులుకి రెండు పక్కలా మాస్కింగ్ టేపు వేసి, న్యూట్రల్ సిలికాన్ సన్నగా పెట్టి, సబ్బు నీళ్లలో ముంచిన వేలితో లోపలికి నొక్కాను. పైన పొర కట్టకముందే టేపు లాగేయాలి, లేకపోతే అంచు చిరిగిపోతుంది. ఫెవిక్విక్ లాంటివి ఇక్కడ వద్దు, ఆరేటప్పుడు వచ్చే ఆవిరికి చుట్టూ ప్లాస్టిక్ తెల్లగా బూజు పట్టినట్టవుతుంది.

వానాకాలం కదా, ఆరుతుందా అని టెన్షన్ పడ్డాను. సిలికాన్ ఆరేదే గాలిలో తేమతో, కాబట్టి మన వాతావరణం దానికి అచ్చొచ్చినట్టే. పూసే చోటు మాత్రం పొడిగా ఉండాలి. రెండు రోజులు కదపలేదు.

జూలై 13

లైటు సిద్ధం. బిగించబోతుంటే వెనకనున్న ఫోమ్ గాస్కెట్, అంటే లైటుకీ బండి రేకుకీ మధ్య ఉండే మెత్తటి పట్టీ, చూశాను. పన్నెండేళ్లు నలిగి అట్టలా అయిపోయింది. దానివల్ల నీళ్లు లైటులోకి రావు గానీ లైటు వెనక నుంచి డిక్కీలోకి దిగుతాయి. స్టెప్నీ ఎత్తి చూస్తే గుంటలో తడి.

దీనికి ముగ్గుపిండి పనికొచ్చింది. పాత గాస్కెట్‌తోనే ఓసారి బిగించి, డిక్కీ లోపల లైటు రంధ్రం కింది రేకు మీద ముగ్గుపిండి పల్చగా చల్లాను. నేను టార్చి పట్టుకుని వెనక సీట్లు మడిచి లోపల పడుకున్నా, నాన్న బయట మగ్గుతో. కింద నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి, అప్పుడు ఏ ఎత్తులో కారిందో తెలుస్తుంది. పై నుంచి పోస్తే అన్నీ ఒకేసారి తడిసి ఏదీ తేలదు. ఆరో మగ్గుకి పిండిలో సన్నటి గీత గీసుకుంటూ ఒక చుక్క దిగింది.

"వచ్చింది, ఆపండి నాన్నా!"

"ఏటీ? వినబళ్లేదు, ఇంకో మగ్గు పొయ్యాలా?"

పోసేశారు.

కొత్త గాస్కెట్ షాపులో దొరకలేదు. ఏసీ మెకానిక్‌లు పైపులకు చుట్టే నల్ల ఫోమ్ పట్టీ తెచ్చాను, 80 రూపాయలు. మామూలు స్పాంజి నీళ్లు పీలుస్తుంది, ఇది పీల్చదు. కొనేముందు ముక్క నీళ్లలో పిండి చూస్తే తెలిసిపోతుంది. పట్టీ రెండు కొసలూ కింది వైపు కలిసేలా అతికించాను. నట్లు చేత్తో బిగిసినంత బిగించి పైన పావు తిప్పు, అంతే. గట్టిగా బిగిస్తే కొత్త పగులు మనమే పెట్టినట్టు.

మళ్లీ ముగ్గుపిండి, ఈసారి పదిహేను మగ్గులు, తర్వాత పైపు. పిండి చల్లినది చల్లినట్టే ఉంది.

ఆగస్టు 10

మూడు మంచి వానలు పడ్డాయి. లైటు లోపల ఒక పొద్దున రూపాయి బిళ్లంత ఆవిరి కనబడింది, ఆఫీసు చేరేసరికి లేదు. రేకు మీద చిలుం లేదు. ఖర్చు న్యూట్రల్ సిలికాన్ 260, ఫోమ్ 80, గొట్టం 10, మొదట వృథా చేసిన ట్యూబు 150.

కుడివైపు కూడా ముగ్గుపిండి చల్లి చూశాను. ఎనిమిదో మగ్గుకి గీత పడింది. ఫోమ్ పట్టీ ఇంకా నలభై సెంటీమీటర్లు మిగిలింది, దానికి అరవై కావాలి.