గల్ఫ్ ఆఫీసులో ఆటోక్యాడ్ ప్యానెల్ మాయమైతే రీసెట్ కొట్టమాకండి

గుంటూరు, విజయవాడల్లో కంప్యూటర్లో ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని దోహా, దుబాయ్ ఆఫీసుల్లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరిన పిల్లలు ఊళ్లో ఉన్న సీనియర్లకు తరచూ చేసే ఫోన్ ఇది: "అన్నా, లేయర్స్ ప్యానెల్ కనపడట్లా. ఇందాకటిదాకా ఇక్కడే ఉంది." అటునుంచి వచ్చే మొదటి సలహా రీసెట్. సొంత లాప్‌టాప్ అయితే సరే, ఆఫీసు సిస్టంలో మాత్రం ఆ పని వద్దు. ప్లాట్ స్టైళ్లు (ప్రింటులో గీతల మందం, రంగు నిర్ణయించే ఫైళ్లు), ఫాంట్లు, టెంప్లేట్లు ఏ సర్వర్ ఫోల్డర్లో ఉన్నాయో చెప్పే దారులన్నీ ప్రొఫైల్ అనే సెట్టింగుల కట్టలోనే ఉంటాయి, రీసెట్ కొడితే అది మొదటికి వెళ్లిపోతుంది. అవి పోతే ప్రింటులో గీతల మందం మారిపోతుంది, అక్షరాల చోట ప్రశ్నార్థకాలు పడతాయి. వాటిని సరిచేయడానికి ఐటీ వాళ్లు వచ్చేదాకా కూర్చోవాలి. సబ్మిషన్ ఆగదు కదా!

పోయింది ఒక్క ప్యానెలే అయితే పని తేలిక. పక్క ప్యానెల్ మీద రైట్ క్లిక్ చేసి, షో ప్యానెల్స్‌లో లేయర్స్‌కి టిక్ పెట్టండి. టిక్ ఉన్నా కనపడకపోతే ఎవరో దాన్ని రిబ్బన్ (పైన ప్యానెళ్లన్నీ ఉండే పట్టీ) నుంచి బయటికి లాగేశారు. అది తెరమీద వేరుగా తేలుతూ ఉంటుంది. దానిమీద మౌస్ పెడితే మూలన చిన్న గుర్తు వస్తుంది, నొక్కితే రిబ్బన్‌లోకి వెళ్తుంది.

రిబ్బన్ మొత్తం పోతే, రిబ్బన్ (RIBBON) అనే కమాండ్ కొట్టి ఎంటర్. ట్యాబ్ పేర్లు మాత్రమే మిగిలితే వాటి చివరన ఉన్న బాణం గుర్తు నొక్కుతూ వెళ్లండి. ప్యాలెట్లు, అంటే తెరమీద విడిగా తెరుచుకునే చిన్న కిటికీలు, అన్నీ ఒక్కసారే పోయాయంటే కంట్రోల్, షిఫ్ట్, హెచ్ చెయ్యి తగిలి ఉంటుంది, మళ్లీ అవే నొక్కాలి. కమాండ్లు టైప్ చేసే కమాండ్ లైన్ పోతే కంట్రోల్ 9. కమాండే తీసుకోకపోతే కీబోర్డు అరబిక్‌లో ఉందేమో చూడండి. ఇక్కడ రెండు భాషలూ పెట్టిన సిస్టమ్‌లు మామూలే, ఆల్ట్ షిఫ్ట్‌తో మారుతుంది.

అసలు ఇబ్బంది పెట్టేది, ఎంచుకున్న గీత వివరాలు చూపించే ప్రాపర్టీస్ ప్యాలెట్. పగలు రెండు మానిటర్లతో పనిచేసినతను దాన్ని రెండో తెరమీద వదిలి వెళ్తాడు. తర్వాత వచ్చినవాళ్లకి ఒకటే మానిటర్. కంట్రోల్ 1 ఎన్నిసార్లు నొక్కినా ఏమీ రాదు, ఎందుకంటే అది లేని తెరమీద తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. ఓపీఎంస్టేట్ (OPMSTATE) అని కొట్టి చూడండి. 0 వస్తే మూసి ఉంది, వేరే అంకె వస్తే తెరిచే ఉంది, మన కంటికి ఆనట్లేదంతే. అప్పుడు సీయూఐ (CUI) కమాండ్ కొట్టి, వాడుతున్న వర్క్‌స్పేస్ (ప్యానెళ్లు, ప్యాలెట్ల అమరిక) ఎంచుకుని, కుడివైపు ప్యాలెట్స్ కింద ప్రాపర్టీస్ మీద నొక్కండి. షో దగ్గర యెస్, ఓరియంటేషన్ దగ్గర లెఫ్ట్ పెట్టండి. తర్వాత అదే వర్క్‌స్పేస్ మీద రైట్ క్లిక్ చేసి సెట్ కరెంట్ ఎంచుకుని ఓకే కొడితే ప్యాలెట్ ఎడమ అంచుకి వచ్చి అతుక్కుంటుంది.

కింద గేర్ గుర్తులోంచి డ్రాఫ్టింగ్ అండ్ అనోటేషన్ అనే మామూలు వర్క్‌స్పేస్ ఎంచుకుంటే అన్నీ వస్తాయంటారు. నిజమే, కానీ వర్క్‌స్పేస్ సెట్టింగ్స్‌లో మార్పుల్ని దానంతటదే సేవ్ చేసే ఐచ్ఛికం ఆన్‌లో ఉంటే చెదిరిన అమరికే సేవై ఉంటుంది, మళ్లీ అదే తెరుచుకుంటుంది. అందుకే చేరిన మొదటి వారంలోనే ఆ ఐచ్ఛికం ఆపేసి, మీ అమరికను డబ్ల్యూఎస్‌సేవ్ (WSSAVE) కమాండ్‌తో మీ పేరు మీద దాచుకోండి. ఆప్షన్స్‌లో ప్రొఫైల్స్ ట్యాబ్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసి, మీ ప్రొఫైల్ నకలైన ఏఆర్‌జీ (.arg) ఫైలు కూడా పెట్టుకోండి.

అప్పటికీ కుదరక ఊరికి ఫోన్ చెయ్యాల్సి వస్తే, దోహాలో సాయంత్రం 6 అంటే గుంటూరులో రాత్రి 8:30. తెర ఫొటో పంపేముందు ఖాళీ డ్రాయింగ్ తెరవండి. క్లయింట్ డ్రాయింగ్ బయటికి వెళ్తే ఉద్యోగానికే ముప్పు. ఆటోక్యాడ్ ఏ సంవత్సరం వెర్షనో, ఓపీఎంస్టేట్ ఎంత చూపిస్తుందో ముందే చెప్పండి.