తాళాలు తీసుకునే ముందు రెండు రోజులు నీళ్ళు నిలబెట్టాం

మొదటిసారి ఇల్లు చూడటానికి వెళ్ళింది ఒక ఆదివారం మధ్యాహ్నం. రైల్లో కిటికీ పక్కనే సీటు దొరికింది. స్టేషన్ దగ్గరికి ఇళ్ళు కట్టి అమ్ముతున్న బిల్డర్ కారే వచ్చి సైటుకి తీసుకెళ్ళింది. వరసగా పన్నెండు ఇళ్ళు, ఒక్కోటీ రెండంతస్తులు, గోడల నుంచి ఇంకా పచ్చి సిమెంటు వాసన. "సిటీకి నలభై నిమిషాలే మేడమ్" అన్నాడు చూపించడానికి వచ్చిన అబ్బాయి. మా వారికి ఇల్లు అక్కడికక్కడే నచ్చేసింది. నాకూ నచ్చింది. కానీ రోజూ అప్‌అండ్‌డౌన్ చేయాల్సింది మేమిద్దరం. అందుకని తర్వాతి వారం మళ్ళీ వెళ్ళి, ఆదివారం రాత్రి ఆ ఊళ్ళోనే ఒక లాడ్జిలో పడుకుని, సోమవారం ఉదయం ఏడింటికి ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడి, టైము చూసుకుని బయల్దేరాం.

స్టేషన్‌కు నడక 18 నిమిషాలు. మొదటి రైలు కిక్కిరిసి ఉంటే ఎక్కలేకపోయాం, రెండోదాని కోసం 9 నిమిషాలు ఆగాం. రైల్లో 40, అబ్బాయి చెప్పినట్టే. దిగాక మా ఆఫీసుకు బస్సూ నడకా కలిపి 28. మొత్తం 95 నిమిషాలు. సాయంత్రం వచ్చేటప్పుడు ఇంకో పది ఎక్కువే పట్టింది. రోజుకు మూడు గంటలు దాటి ప్రయాణంలోనే పోతాయని ఆ రోజు ఒంటికి తెలిసింది. కాగితం మీద లెక్క వేసుకోవడం వేరు, సాయంత్రం ఏడింటికి నిలబడే ప్రయాణం చేసి దిగి, మళ్ళీ 18 నిమిషాలు నడవడం వేరు.

అయినా కొన్నాం. సిటీలో మాకు అందే ధరలో దొరికేవి వెలుతురు లేని రెండు గదులు. ఇక్కడ పిల్లకు ఒక గది, అత్తయ్యగారు మెట్లెక్కకుండా ఉండటానికి కింద ఒక గది వస్తాయి. రద్దీ వేళల్లో రైళ్ళు వెంటవెంటనే ఉన్నాయి. రైలు ఆగిపోతే బస్సు దారి ఉంది. ఆఖరి రైలు ఎన్నింటికో కూడా కనుక్కున్నాం, ఎందుకంటే మా వారికి నెలలో వారం రోజులు సాయంత్రం డ్యూటీ. ఇల్లు అంతా బాగుండి ఆఖరి రైలు తొమ్మిదింటికే వెళ్ళిపోయే ఊరైతే మేం వదులుకునేవాళ్ళం.

పెరుగుతున్న ఊళ్ళో కొనేటప్పుడు ఎదురుగా కనిపించేది సగమే, మిగతా సగం రాబోయేది. ఇంటి ముందు ఖాళీ స్థలం చూపించి "ఎప్పటికీ ఇలాగే గాలి వస్తుంది" అన్నారు. టౌన్ ప్లానింగ్ ఆఫీసుకు వెళ్ళి మ్యాపు చూస్తే ఆ ఖాళీ స్థలం మీదుగా పెద్ద రోడ్డు గీసి ఉంది. రోడ్డు రావడం మాకు సమ్మతమే, కానీ తెలిసి కొనాలి. కొత్తగా స్కూలు, ఆసుపత్రి వస్తాయన్న మాటల్ని మాత్రం మేం లెక్కలోకే తీసుకోలేదు. ఇప్పుడున్న స్కూల్లో సీటు దొరుకుతుందా, రాత్రిపూట తెరిచుండే ఆసుపత్రి ఎంత దూరం, ఇవే చూశాం. ఇంకోటి, గట్టిగా వాన పడ్డ మర్నాడు వెళ్ళి ఆ వీధిలో నడిచాం. పాత వీధుల్లో ముసలివాళ్ళను ఆపి నీళ్ళు ఎక్కడ నిలుస్తాయని అడిగాం. వాళ్ళు చెప్పిన పల్లం మా ఇంటికి మూడు వీధుల అవతల ఉంది. అక్కడ కూడా కొత్త ఇళ్ళు కడుతున్నారు, మట్టి పోసి ఎత్తు చేస్తున్నారు. సరిగ్గా దిమ్మిస చేయని మట్టి మీద కట్టిన ఇల్లు ఏళ్ళ తరబడి కొంచెం కొంచెం కుంగుతుందని మామయ్య చెప్పారు.

మామయ్య గురించి చెప్పాలి. మా అమ్మ తమ్ముడు, నలభై ఏళ్ళు మేస్త్రిగా పనిచేశారు. ఈ కథలో మమ్మల్ని నిజంగా కాపాడింది ఆయనే, కానీ ఆయన వచ్చింది చివర్లో. మొదట కాగితాలు.

లోన్ మంజూరైందంటే కాగితాలన్నీ సరిగ్గా ఉన్నట్టే అని మా వారు అనుకున్నారు. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు డబ్బు భద్రంగా ఉందా లేదా అని. మా తరఫున మేం వేరే లాయరును పెట్టుకున్నాం. స్థలం ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, దాని మీద వేరే అప్పు ఉందా, మంజూరైన ప్లానూ కట్టిన ఇల్లూ ఒకటేనా అని ఆవిడ వరసగా చూశారు. బిల్డర్ ప్రాజెక్టు కోసం ఆ స్థలం మీదే అప్పు తెచ్చాడని అప్పుడు బయటపడింది. అది తప్పు కాదట, చాలామంది తెస్తారట. కానీ మా ఇంటి వరకు ఆ తాకట్టు విడిపించినట్టు ఆ అప్పిచ్చిన వాళ్ళ నుంచి ఉత్తరం తెచ్చేదాకా ఆవిడ మమ్మల్ని సంతకం చేయనివ్వలేదు. ఆవిడకిచ్చిన ఫీజు మేం ఈ మొత్తం వ్యవహారంలో పెట్టిన ఖర్చుల్లోకెల్లా సార్థకమైనది.

విస్తీర్ణం దగ్గర కూడా అంతే. బ్రోచర్లో రాసిన అడుగుల్లో గోడల మందం, మెట్లు, బాల్కనీ అన్నీ కలిసి ఉన్నాయి. మేం టేపు పట్టుకుని లోపలి నుంచి కొలిస్తే కాళ్ళు పెట్టుకునే చోటు దాదాపు ఐదో వంతు తక్కువ తేలింది. మోసం అనలేను, కొలిచే పద్ధతి వేరు. కానీ మా మంచం, బీరువా పట్టేది లోపలి కొలతలోనే కదా. అగ్రిమెంటులో లోపలి కొలత కూడా రాయించుకున్నాం.

ఇల్లు ఇస్తామన్న తేదీ అయిదు నెలలు జరిగింది. ఆ అయిదు నెలలు ఒక పక్క అద్దె, ఇంకో పక్క అప్పటిదాకా విడుదలైన లోన్ మీద వడ్డీ. పిల్ల స్కూలు ఎప్పుడు మార్చాలో తెలియదు. చాలా టెన్షన్ పడ్డాను, ఇంట్లో మాటా మాటా కూడా వచ్చింది. అగ్రిమెంటులో "సుమారుగా" అన్న ఒక్క మాట ఉంది తేదీ పక్కన. ఆ మాట తీయించి, ఆలస్యమైతే నెలకు ఇంత అని రాయించుకోవాల్సింది. నేను మళ్ళీ కొంటే మొదట చూసేది ఆ లైనే.

అంత ఎదురుచూశాక ఒక సాయంత్రం ఫోన్ వచ్చింది. "ఇల్లు రెడీ మేడమ్. శుక్రవారం వచ్చి సంతకం పెట్టి తాళాలు తీసుకోండి, చిన్నచిన్న పనులేమైనా ఉంటే తర్వాత చేసేస్తాం." ఆ క్షణంలో నాకు వెంటనే సంతకం పెట్టేయాలనిపించింది. అందరికీ అలాగే అనిపిస్తుందనుకుంటాను, అలసిపోయి ఉంటాం కాబట్టి. మామయ్యకు ఫోన్ చేసి చెప్తే ఆయన ఒకటే అడిగారు. "బాత్రూముల్లో నీళ్ళు నిలబెట్టి చూశారా అమ్మాయ్?"

లేదన్నాను. "అయితే సంతకం పెట్టొద్దు. నేనొస్తున్నా."

బుధవారం పొద్దున్నే వచ్చారు. సంచిలో రసమట్టం, మూలమట్టం, తూకం గుండు, ఒక రూపాయి బిళ్ళ, టార్చి లైటు. సైటు సూపర్‌వైజర్ కుర్రాడు మొదట కొంచెం చిరాకు పడ్డాడు. "అంకుల్, అన్నీ చెక్ చేశాం" అన్నాడు. "చేసే ఉంటావు నాయనా. నా తృప్తి కోసం ఇంకోసారి చూద్దాం, నువ్వూ పక్కనే ఉండు" అన్నారు మామయ్య. గంట గడిచేసరికి ఆ కుర్రాడే ఆయన వెనకాల నోట్‌బుక్ పట్టుకుని రాసుకోవడం మొదలుపెట్టాడు.

బిళ్ళతో ఒక్కో టైలునూ తట్టుకుంటూ పోయారు. గట్టిగా అతుక్కున్న టైలు ఒకలా మోగుతుంది, కింద సిమెంటు పాలు అందని టైలు డొల్లగా మోగుతుంది. హాల్లో పదకొండు టైళ్ళు డొల్ల. బరువు పడితే అవే ముందు పగులుతాయి. గోడకు పక్క నుంచి టార్చి వేశారు. ఎదురుగా చూస్తే నున్నగా కనిపించే గోడ, పక్క వెలుతురులో ఎత్తుపల్లాలు చూపించింది. ప్లాస్టరు మీద వెంట్రుక మందాన ఉన్న పగుళ్ళను ఆయన పెద్దగా పట్టించుకోలేదు, అవి ఆరేటప్పుడు వచ్చేవే అన్నారు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయిన ఒక పగులు దగ్గర మాత్రం ఆగారు. పెన్సిల్‌తో రెండు చివర్లా గీత గీసి, తేదీ వేశారు. గీత దాటి పెరిగితే అది ప్లాస్టరు పగులు కాదు, ఇంజినీరును పిలిపించాలి అని చెప్పారు.

కుళాయిలన్నీ ఒకేసారి తిప్పించారు. కింద వంటింట్లో ధార బాగుంది, పై బాత్రూములో సన్నటి దారంలా వచ్చింది. అన్ని స్విచ్‌లూ వేశాం. మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నొక్కితే కరెంటు టక్కున పోవాలి. షాక్ కొట్టే పరిస్థితిలో 30 మిల్లీయాంపుల లీకేజీ దగ్గరే సరఫరా ఆపేసి ప్రాణం కాపాడే పరికరం అది. మా ఇంట్లో నొక్కితే ఏమీ కాలేదు. వైర్లు తప్పుగా కలిపారు. రోజూ చూస్తే తెలిసే లోపం కాదది. ఆ బటన్ నొక్కకపోయి ఉంటే ఎప్పటికి తెలిసేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఇక నీళ్ళు. పై బాత్రూముల్లో నీళ్ళు పోయే రంధ్రాలకు గుడ్డలు కుక్కి, అరచెయ్యి లోతున నీళ్ళు పోసి, గోడ మీద గీత పెట్టాం. ఒక రోజు సరిపోతుందని సూపర్‌వైజర్ అన్నాడు. "ఒక రోజులో స్లాబు పీల్చుకుంటుంది, రెండో రోజు కక్కుతుంది" అన్నారు మామయ్య. మొదటి రోజు కింద ఏమీ లేదు. రెండో రోజు పొద్దున అత్తయ్యగారికి అనుకున్న గది పైకప్పులో, పైపు దిగే చోట, పళ్ళెమంత తడి మచ్చ. రంగు ఇంకా ఉబ్బలేదు, చెయ్యి పెడితే మాత్రం చల్లగా తగిలింది. ఆ మచ్చ చూసి నేను ఏడ్చేశాను. ఇల్లు పాడైందని కాదు, శుక్రవారం సంతకం పెట్టేసి ఉంటే అత్తయ్యగారు ఆ మచ్చ కింద పడుకునేవారు.

నీళ్ళు వదిలేశాక ఇంకో బాత్రూములో ఒక మూల నీళ్ళు అలాగే నిలిచిపోయాయి. వాలు మీటరుకు కనీసం సెంటీమీటరైనా ఉండాలట, అక్కడ వాలు ఎదురు తిరిగి ఉంది.

మొత్తం 63 లోపాలు. ఒక్కోదానికి నంబరు, గది పేరు, ఫోటో. అవన్నీ మెయిల్‌లో పంపి, ఏవి సరిచేశాకే తాళాలు తీసుకుంటామో, ఏవి తర్వాత చేసినా ఒప్పుకుంటామో రెండుగా విడదీసి రాశాం. నీటి లీకేజీ, కరెంటు, ఆ ఏటవాలు పగులు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇంట్లో చేరవచ్చని అధికారులు ఇచ్చే కాగితం) కాపీ, ఇవి ముందే కావాలన్నాం. ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేసి, మిగతా కొనుగోలుదార్లు అందరూ సంతకాలు పెట్టేశారని, మీరొక్కరే ఆలస్యం చేస్తున్నారని గొంతు పెంచి మాట్లాడారు. "పెట్టనివ్వండి సార్, మాకు మెయిల్‌కు జవాబు ఇవ్వండి" అన్నాను. గొంతు వణికింది కానీ మాట మార్చలేదు. వాళ్ళకు కట్టాల్సిన ఆఖరి వాయిదా డబ్బు ఇంకా మా దగ్గరే ఉంది కాబట్టే ఆ మాట చెల్లింది. అది కూడా కట్టేసి ఉంటే ఏ బలంతో అడిగేవాళ్ళమో నాకు తెలియదు.

నాలుగు వారాలు పట్టింది. బాత్రూము టైళ్ళు మొత్తం లేపి, పైపు చుట్టూ తవ్వి, వాటర్‌ప్రూఫింగ్ మళ్ళీ చేశారు. మళ్ళీ రెండు రోజులు నీళ్ళు నిలబెట్టాం. ఈసారి కింద పొడిగా ఉంది. పగులు మామయ్య గీత దాటలేదు. ఆ సాయంత్రం సంతకం పెట్టాం.

చేరాక మొదటి ఏడాది ఇల్లు ఆరుతూనే ఉంటుందని మాకు ముందు తెలియదు. కాంక్రీటు, ఇటుక పని, ప్లాస్టరు కలిపి ఒక ఇంట్లో వేల లీటర్ల నీళ్ళు వాడతారు, అందులో చాలా భాగం మెల్లగా గోడల్లోంచి బయటికి రావాలి. అందుకే బీరువాల్ని బయటి గోడలకు ఆనించకుండా జానెడు ఎడంగా పెట్టాం. పొద్దునా సాయంత్రం కిటికీలు తీసి ఉంచుతున్నాం. హాల్లో కింద ఒకచోట గోడకు తెల్లగా ఉప్పు పూసింది. పొడి బ్రష్‌తో దులపమన్నారు మామయ్య, తడి గుడ్డతో తుడిస్తే ఉప్పు మళ్ళీ గోడలోకే పోతుందట. మంచి రంగులు వచ్చే ఏడాది వేయించుకుంటాం.

మా పక్కింటివాళ్ళు సంతకం ముందే పెట్టేశారు. వానాకాలం రాగానే వాళ్ళ హాలు పైకప్పులోనూ పైపు దగ్గరే మచ్చ వచ్చింది. మా 63 లోపాల జాబితా కాపీ తీసి ఇచ్చాను, లోపాలు సరిచేయాల్సిన గడువు ఇంకా ఉంది కాబట్టి వాళ్ళూ అలాగే రాసి పంపారు. పోయిన ఆదివారం మామయ్య వచ్చినప్పుడు వాళ్ళింటికి తీసుకెళ్ళాను. ఆయన ముందు బాత్రూములోకి వెళ్ళి, ఒక బకెట్టూ, రెండు పాత గుడ్డలూ అడిగారు.